తొమ్మిది నిమిషాల సముద్రం

తొమ్మిదంటే తొమ్మిది నిమిషాల్లో సముద్రం వేసిన మొనగాణ్ణి నేను. అదీ తుఫాను సముద్రం.

యాక్రిలిక్ రంగులతో చిక్కేమిటంటే, ఆవులించి నోరు మూసేలోగా ఆరిపోతాయి. ఒకదాంట్లో ఒకటి మెత్తగా కలవాలంటే తడి మీదే తడి వేయాలి. చెయ్యి ఆగిందా, అంతే సంగతులు. ఆ పద్ధతి పట్టుబడక ఆరు నెలల్లో పదహారు కాన్వాసులు తగలేశాను. ఆకాశం వేస్తే గోడకు చెమ్మ పట్టినట్టు వచ్చేది.

వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకోవాలని మా ఆవిడ పంతం. నా రంగులు అడ్డం.

"ఇదే ఆఖరు. అమ్మాయి చూసి బాగుందంటే గది మీది. లేదా, ఆ డబ్బాలన్నీ అటకెక్కుతాయి," అంది.

మా అమ్మాయి డ్రాయింగు టీచరు. ముఖం చూసి మార్కులు వేసే రకం కాదు.

ఆదివారం పొద్దున్నే సముద్రం వేద్దామని కూర్చున్నాను. టైము చూడమని మా ఆవిడను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. తల దువ్వుకుని మరీ వచ్చింది.

"కదలకు. నీడ పడుతోంది."

"కదల్లేదండీ. త్వరగా కానివ్వండి, మెడ పట్టేస్తోంది."

కాన్వాసు మీద నీళ్లు స్ప్రే కొట్టి, తెలుపు పరిచి, ఆరకముందే మిగతా రంగులు దించాను. ఆరిపోతుందేమోనన్న కంగారులో ఇంకాసిని నీళ్లు కొట్టాను. అక్కడే దెబ్బతిన్నాను. నలుపు జారి నీలంలో పడింది. ఎరుపు అడుగుకు కారింది. వెడల్పు కుంచెతో అటూ ఇటూ నాలుగు లాగులు లాగి, దేవుడి మీద భారం వేశాను.

"తొమ్మిది నిమిషాలు," అంటూ ఆవిడ లేచి వచ్చి చూసింది. చరచరా వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చి కాన్వాసు ముందు నిలబడిపోయింది.

"నాన్నా! తుఫాను ఎంత బాగా వచ్చిందో! పైన పీచుపీచుగా ఆ నల్లమబ్బు, నడుమ ఆ బండరాయి... అమ్మో, ఆ రెండు సుడిగుండాలు చూస్తే భయమేస్తోంది!"

"ఒకటి కాస్త పెద్దదైందిలే," అన్నాను వినయంగా.

"అదే అందం. అమ్మా, నువ్వేమంటావ్?"

"నన్నెందుకే అడుగుతావ్," అంది వాళ్లమ్మ.

మాట మాటే. గది నాకు దక్కింది. కుట్టుమిషను హాల్లోనే ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత మా ఆవిడ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇంకోసారి సముద్రం వేసేటప్పుడు నన్ను పిలవకండి."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, సముద్రం వేద్దామని కూర్చున్నానన్న ముక్క. నిజానికి ఆ పొద్దున నేను వేస్తున్నది మా ఆవిడ ముఖం.