సైటు పెట్టినోని అడ్రసు

నల్గొండల నా ఇంటర్నెట్ షాపుకు మందుల ఫ్యాక్టరీ మనుషులిద్దరు ఒచ్చిండ్రు.

“మా ఫ్యాక్టరీ బాయిలల్ల విషం కలుపుతాందని ఇంటర్నెట్ల సైటు పెట్టినోని ఇల్లు చూపెట్టు. రిజిస్టర్ చేసినోళ్ల పేరు, అడ్రసు ఎవలడిగినా కనవడతయంట గద?”

గా సైటు పెట్టిన మెహరాజ్ ఎనక కుర్చీలనే ఉన్నది. రిజిస్టర్ చేయుమని తన పేరు, ఇంటి నంబరు నాకిచ్చింది గూడ ఆమెనే.

“కనవడతయి. దునియా అంతటికి కనవడతయి,” అని మీట నొక్కిన.

లైను మెల్లగుంది. అక్షరాలు ఒక్కో వరుస దిగవట్టినయి. మెహరాజ్ చెప్పులల్ల కాళ్లు పెట్టింది.

పెద్దోడు సదివిండు: “పోచయ్య, బస్టాండు ఎదురుంగ, నల్గొండ. గీ పోచయ్యగాడు యాడుంటడు?”

నేను కుర్చీ జరిపిన. “నేనే. కూసోండ్రి అన్నా, మీకు ఆటో కిరాయి మిగిలింది.”