చేపల్లో పంచదార

"ఎవులు బాబూ నువ్వు? నా సేపల్లో సెయ్యెట్టేసినావేటి?"

అసిరమ్మ కేకకి హార్బరు పక్కనున్న ఫ్రీజింగ్ షెడ్డంతా ఉలిక్కిపడింది.

గుడ్డసంచి తగిలించుకున్న ఓ పెద్దాయన తొట్టిలోని చేప కైమాని వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు.

అసిరమ్మ కైమా పనికి మేస్త్రీ. అసలే ఆమె మనసు మనసులో లేదు.

ఉక్కు ఫ్యాక్టరీకి పునాదులు తవ్వుతున్న రోజులవి. రొయ్యల వలల్లో పడే చిల్లర చేపల్ని రుబ్బి, గడ్డకట్టించి ఎగుమతి చేద్దామని కంపెనీ ఆశపడింది. కానీ మంచు కరిగితే నీళ్లు కారిపోయి కైమా పీచులా అయిపోతోందని మద్రాసు తనిఖీ ఆఫీసులో నమూనాని రెండుసార్లు తిరగ్గొట్టారు.

మూడోసారీ తప్పితే పని మూసేస్తారు. ఆడవాళ్లంతా మళ్లీ గంపలెత్తుకుని మద్దిలపాలెం వీధులు తిరగాల్సిందే.

"గడ్డకట్టించే ముందు కాస్త పంచదార కలపమ్మా" అన్నాడు పెద్దాయన.

అందరూ పకపకా నవ్వారు.

"సేపల్తో పాయసం వండుతావేటి బాబూ?" అంది నూకాలు.

"చలికి చేపలోని మాంసకృత్తులు ముడుచుకుపోయి నీళ్లు వదిలేస్తాయి. పంచదార ఉంటే ముడుచుకోనివ్వదు."

అసిరమ్మకి సంగతి బోధపడింది.

"తెలిసిపోనాది! అనకాపల్లి మిల్లు నుంచి పంసదార అమ్ముకోడానికొచ్చినావు గదేటి?"

ఆయన కాదనలేదు. నవ్వుతూ సంచి సర్దుకున్నాడు.

ఇక పోయేదేముంది అనుకుని అసిరమ్మ క్యాంటీన్ పంచదార తెప్పించి కలిపింది. ఆయనకి మాత్రం చప్పటి టీ ఇప్పించింది.

"నీ సంచీలోది ఏసుకో బాబూ!"

అందరికంటే ఆయనే గట్టిగా నవ్వాడు.

నెల తిరిగింది. నమూనా పట్టుకుని మద్రాసు వెళ్లిన మేనేజరు రమణమూర్తి పరుగున వచ్చాడు.

"పాసైపోయాం అసిరమ్మా! కరిగినా అప్పుడే రుబ్బినట్టుందన్నారు!"

షెడ్డంతా ఈలలు, కేకలు. అసిరమ్మ నూకాల్ని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఆనందం పట్టలేక ఏడ్చేసింది కూడా.

"బాబూ, ఆ పంసదార బేరగాడ్ని ఎతికించండి. ఓ దణ్ణవైనా ఎట్టకుండా అంపేసినాను."

"ఏ బేరగాడు?"

"పెద్దాయన. సెవుల నిండా తెల్ల ఎంటికలు. నవ్వితే బొజ్జంతా ఊగుతాది."

రమణమూర్తి నోరెళ్లబెట్టాడు.

"గురునాథరావుగారా? ఇక్కడికొచ్చారా! మన నమూనా పాస్ చేసిన మర్నాడే రిటైరై ఊరెళ్లిపోయారు. బేరగాడేటి అసిరమ్మా... రెండుసార్లూ మన సరుకు తిరగ్గొట్టింది ఆయనే!"