ఏ అంకుల్?

పొద్దుట్నుంచి కాలింగ్ బెల్ ఆగితే ఒట్టు.

త్యాగరాజు గారిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఇక చేసేదేం లేదన్నారు డాక్టర్లు. దాంతో వసంత్ కుంజ్ కాలనీ అంతా పరామర్శకి బయల్దేరింది.

ఆయన ప్రాణం మాత్రం ఒక్కడి కోసం కొట్టుకుంటోంది. తమ్ముడు వరప్రసాద్. పొలం గొడవలో ఎప్పుడో మాటలు తెగిపోయాయి. తప్పు తనదేనని, ఒక్కసారి వచ్చి పొమ్మని ఊరికి కబురు పెట్టారు.

"బాబాయ్ వస్తే సీదా నా దగ్గరికి తీసుకురా," అన్నారు కూతురితో, ఆయాసపడుతూ. "ఈ అంకుల్స్‌ని మాత్రం ఎవర్నీ రానివ్వకు తల్లీ. ఓపిక లేదు."

మనీష ఢిల్లీలో పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, నోరు తిరిగేది హిందీలోనే. బాబాయిని ఎన్నడూ చూడలేదు. ఇక అంకుల్ అంటారా, తల నెరిసిన ప్రతివాడూ అంకులే. పై ఫ్లాటాయన అంకుల్, పార్కులో యోగా నేర్పేవాడు అంకుల్, కారు గీసేసి పైగా తనమీదే అరిచినవాడూ అంకులే.

అమ్మ ఆండాళ్ మందుల షాపుకి వెళ్లింది. మళ్లీ బెల్.

గుమ్మంలో బక్కపల్చటి మనిషి.

"జీ, కహియే?" అంది మనీష.

ఆయన తడబడ్డాడు. "అంకుల్‌నమ్మా. డాడీని ఒక్కసారి చూసి వెళ్తా."

తెలుగు సంఘం అంకుల్ కాబోలు అనుకుంది.

"సారీ అంకుల్. డాడీ నే ఖుద్ బోలా, నో అంకుల్స్."

"డాడీయే... అన్నారా?"

తలూపింది.

ఆయన మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. మనీషకి జాలేసింది. ఇంకేదో అనేలోపే మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం నుంచీ ఆండాళ్ మరిదికి ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తడు.

దీపాలు పెట్టే వేళకి త్యాగరాజు గారు గుమ్మం వైపు చూస్తూనే పోయారు.

"ఎంత కఠినాత్ముడే మీ బాబాయ్," అని ఆండాళ్ కుప్పకూలింది. మనీష కూడా ఆ ముఖమెరగని మనిషిని నోటికొచ్చినట్టు తిట్టింది.

అప్పుడు ఫోన్ మోగితే మనీష ఎత్తింది. ఊరి నుంచి పిన్ని. చావు కబురు ఆమెకింకా చేరలేదు.

"రమ్మని కబురు పెట్టి గుమ్మంలోంచే పంపేస్తారా అమ్మా? రైల్లోంచి ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు మీ బాబాయ్. హిందీ పిల్లవి, బాబాయ్ అంటే నీకు తెలుస్తుందో లేదోనని, అంకుల్‌ని అని మరీ చెప్పుకున్నాడట కదే."