వెనక కొమ్మ

"బోన్సాయ్ విషయంలో పల్నాడు మొత్తానికి నా తర్వాతే ఎవరైనా," అన్నాడు హర్ష, ఊరెళ్తున్న కృష్ణకుమారి టీచర్ చేతిలోంచి గేటు తాళంచెవి అందుకుంటూ.

"నాలుగు రోజులు నీళ్ళు పొయ్యరా అంటే, నీ తర్వాత ఎవరో నాకెందుకు?" అంది టీచర్. "నీళ్ళు పొయ్యి. ఇంకేం చెయ్యమాక."

హర్ష అనుభవం అంతా కలిపి మూడు వీడియోలు. అందులో ఒకటి జపాన్ భాషలో ఉంది. అందులోని ముసలాయన తలూపినప్పుడల్లా హర్ష కూడా ఊపాడు కాబట్టి, అర్థమైనట్టే లెక్క.

పెరట్లో సిమెంటు దిమ్మ మీద, పళ్ళెంలాంటి కుండీలో జువ్విచెట్టు. మూరెడు ఎత్తులోనే ఆపి పెంచిన బోన్సాయ్. పందొమ్మిదేళ్ళ కిందట స్కూలు పిల్లల్ని కొండవీడు తీసుకెళ్ళినప్పుడు, కోటగోడ పగులులో మొలిచిన మొక్కని టీచర్ రుమాల్లో చుట్టి తెచ్చుకుంది. అప్పటికి హర్షకి నాలుగేళ్ళు, కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కునే వయసు. ఇప్పుడు ఇరవైమూడు. చెప్పులు మాత్రం సరిగ్గా తొడుక్కుంటున్నాడు.

మొదటిరోజు నీళ్ళు పోశాడు. రెండోరోజు చెట్టు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిటారు చెట్టు. కాండం ధ్వజస్తంభంలా నిలబడి, పైకి పోనుపోను సన్నబడింది. వీడియోలో చెప్పింది గుర్తొచ్చింది. ఒక కొమ్మ ఈ పక్కకి పోతే, రెండోది ఆ పక్కకి పోవాలి. చూసేవాడి మొహం మీదికి పొడుచుకొచ్చే కొమ్మ కింద భాగంలో అస్సలు ఉండకూడదు.

ఇక్కడేమో చిటికెనవేలంత కొమ్మ ఒకటి సరాసరి హర్ష ముక్కుకి గురిపెట్టి ఉంది.

"పాపం, టీచర్ పందొమ్మిదేళ్ళుగా గమనించలేదు," అని జాలిపడ్డాడు. గోడ మీద రెండు కాకులున్నాయి. రెండూ అభ్యంతరం చెప్పలేదు. కత్తెర తెచ్చి, కాండానికి ఆనించి ఏటవాలుగా కటుక్కుమనిపించాడు. తెల్లటి పాలు కారాయి. తుడిచి, ఇంటికెళ్ళి కాస్త పసుపు తెచ్చి తడిపి కోసినచోట మెత్తి, కొమ్మని గోడ అవతలికి విసిరేశాడు. అవతల చాంద్ బీ పెరడు. ఆవిడ మేక రాణి ఆ కొమ్మని ఆకులతో సహా పదహారుసార్లు నమిలి ముగించింది.

ఊరి నుంచి వచ్చిన టీచర్ చేతిసంచి దించకుండానే పెరట్లోకి నడిచింది. చెట్టు చూసింది. కుండీని సగం చుట్టు తిప్పింది.

"ముఖం ఇటు దీనికి," అంది మెల్లగా. "వీపుకి ఎండ తగలాలని తిప్పి పెట్టి వెళ్ళా. వెనక్కి పోయే కొమ్మ ఉంటేనే చెట్టుకి లోతు. లేకపోతే గోడకి అంటించిన బొమ్మే. ఆ కొమ్మ కోసం తొమ్మిదేళ్ళు ఆగాను."

హర్ష కుండీకి అటూ ఇటూ తొంగిచూశాడు. అంటే తను అంతసేపు కూర్చుని పరీక్ష చేసింది చెట్టు వీపుని.

"ఏమైందిరా ఆ కొమ్మ?"

సరిగ్గా అప్పుడే పక్క పెరట్లో రాణి "మే" అంది.

"మేక!" అన్నాడు హర్ష. "గోడ దూకొచ్చింది టీచర్. కళ్ళారా చూశా. అదిలించేలోపే కొరికేసింది. కొమ్మ తిన్నది రాణే, ఒట్టు." చివరి ముక్క నిజమే కాబట్టి ఒట్టు ధైర్యంగా వేశాడు.

టీచర్ వంగి, కొమ్మ ఉండాల్సిన చోటు వేలితో తడిమింది. వేలు చూసుకుంది. కొంగుకి తుడుచుకుంది.

"అట్నా," అంది.

రెండు దెబ్బలేసినా ఇంతకంటే బాగుండేది.

సాయంత్రానికి చాంద్ బీ వచ్చేసింది. "తప్పయిపోయింది టీచరమ్మా. పక్కింటి చెట్టు తినే మేకని ఎట్టా ఉంచుకోను? శనివారం సంతకి తోలేస్తా. కొనేది కటికోళ్ళే, ఏం చేస్తాం."

"ఒక్క కొమ్మకేనా పిన్నీ?" అన్నాడు హర్ష. "మరి మీ మనవరాలికి పాలు?"

"నీళ్ళు తాగుద్దిలే నాయనా. ఒక్క కొమ్మ అంటావేంది? తొమ్మిదేళ్ళంట!"

మూడు రోజులు హర్షకి అన్నం దిగలేదు. నోట్లో పెట్టుకున్న ప్రతి ముద్దా "మే" అంటోంది. చాంద్ బీ మనవరాలు వీధిలో ఎదురైతే, ఆ పిల్లకి దారిచ్చి కాలవ పక్కగా నడిచాడు.

శనివారం పొద్దున్నే చాంద్ బీ తమ్ముడు జాన్ సాహెబ్ ఆటో తెచ్చి ఆవిడ గుమ్మం ముందు ఆపాడు. టీచర్ హర్షని వెంటబెట్టుకొచ్చింది.

"హర్షా, నువ్వే ఎక్కించు," అంది టీచర్. "కళ్ళారా చూసిన సాక్షివి నువ్వేగా."

"ఎందుకు అమ్ముతున్నారని సంతలో అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు జాన్ సాహెబ్.

"చెట్లు కొరుకుద్దని చెప్పు. హర్ష చెప్పాడని చెప్పు," అంది టీచర్.

హర్ష రాణిని ఎత్తుకున్నాడు. తన మీద పెట్టిన కేసు సంగతి ఏమీ తెలియక అది అతని చెవి నాకింది. చాంద్ బీ కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. జాన్ సాహెబ్ హ్యాండిల్ మీదికి తల వాల్చేశాడు.

హర్ష మేకతో సహా రోడ్డు మీద కూలబడ్డాడు.

"మేక కాదు టీచర్! నేనే కోశా. వెనక కూర్చుని అదే ముందనుకున్నా. నాకు బోన్సాయ్ రాదు. చూసింది మూడు వీడియోలు, అందులో ఒకటి అర్థం కూడా కాలా. పిన్నీ, రాణిని పంపొద్దు. కావాలంటే నన్ను ఎక్కించండి సంతకి."

"నిన్నెవరు కొంటార్రా," అన్నాడు జాన్ సాహెబ్, తలెత్తకుండానే.

చాంద్ బీ కొంగు తీసి పైకే నవ్వేస్తూ, అతని ఒళ్ళోంచి రాణిని తీసుకుని, గడ్డి వెయ్యడానికి లోపలికి పోయింది.

"అదే చోట మళ్ళీ మొగ్గ వస్తే, కొమ్మయ్యేదాకా నీళ్ళు నువ్వే పొయ్యాలి," అంది టీచర్. "తొమ్మిదేళ్ళు."

"పోస్తా టీచర్." చూపు నేల మీంచి లేవలేదు. ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుంటూ అడిగాడు. "నేనే అని మీకు ముందే తెలుసా?"

"వచ్చిన రోజే."

"ఎట్టా?"

"మేక పసుపు పూయదురా."