వంటింటి గుమ్మం

డాక్టరు నా వెన్నుపూసల కీళ్ళలో సూదులు గుచ్చి మందు వేశాడు. మర్నాడు లేచేసరికి నొప్పి లేదు. ఏళ్ళుగా వంగిపోయిన నడుం నిటారుగా నిలబడింది. కాఫీ కోసం దర్జాగా వంటింటికి నడిచాను. ద్వారబంధం వచ్చి నా నుదుటిని ఠప్పున కొట్టింది.

అది బిగించిన వడ్రంగిని నేనే. నడుం వంగిన కొత్తలో, నా ఎత్తునే కొలతగా పెట్టుకుని కోశాను. నా కొలత తప్పదు.

మా ఆవిడ పడీపడీ నవ్వింది. “మా తలలు బొప్పి కట్టినప్పుడల్లా కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టారుగా! ఇప్పుడు చెప్పండి, గుమ్మం పొట్టిదా, కాదా?”

కొడుకూ కోడలూ నా నోటికేసే చూస్తున్నారు.

“గుమ్మానికేం, దివ్యంగా ఉంది. ఆ డాక్టరే మందు ఎక్కువ పోశాడు. వెళ్ళి కాస్త తీయించుకొస్తా.”