బావా, నోరు విప్పకు

"బావా, లోపలికి పిలిచేదాకా నోరు విప్పకు. ఎవరితోనూ మాట్లాడకు. దగ్గొచ్చినా మింగెయ్!"

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్న అకౌంటెంటు బుద్ధిగా తలూపాడు.

బావమరిది లాయరే. కాకపోతే ఇన్నాళ్లూ గోడ తగాదాలు తప్ప మరొకటి వాదించి ఎరగడు. సైబర్ కేసు ఇదే మొదలు.

"మోసం చేసింది ఫోను. ముద్దాయిగా నిలబెట్టాల్సింది ఫోన్ని గానీ మా బావని కాదంటాను. ఎలా ఉంది పాయింటు?" అని దారిలో అడిగాడు.

అకౌంటెంటు ఇష్టదైవానికి దణ్ణం పెట్టుకున్నాడు.

అసలు ఆయన చేసిన తప్పేమీ లేదు. ఎవడో ఆయన గుర్తింపు కార్డు నకలు సంపాదించి, ఆయన పేరు మీద సిమ్ము తీసుకున్నాడు. ఆ నంబరు నుంచి ఎవరో పెద్దమనిషికి బ్యాంకు మేనేజరులా ఫోను చేసి, కబుర్లలో పెట్టి, జీవితమంతా దాచుకున్నది ఊడ్చేశాడు. పోలీసులు సిమ్ము మీద పేరు చూశారు. అకౌంటెంటుని పట్టుకున్నారు.

"కేసు నిలబడితే నీకు జైలు. నీ ఇల్లు అమ్మించి ఫిర్యాదీకి కట్టించినా కట్టిస్తారు. నువ్వేం భయపడకు," అని బావమరిది ధైర్యం చెప్పి వెళ్లాడు.

"టైమెంత బాబూ?"

మెడకి మఫ్లరు చుట్టుకున్న ముసలాయన ఎప్పుడొచ్చి పక్కన కూర్చున్నాడో!

అకౌంటెంటు చేతిగడియారం ఆయన ముఖం ముందు పెట్టాడు.

"కళ్లజోడు తేలేదు. మీరే చెప్పండి."

వేళ్లు చూపించాడు.

"ఏం కేసు?"

పైకప్పు వైపు చూశాడు.

"పిల్లలెంతమంది?"

ఒక వేలు ఎత్తాడు. ఇది చెప్పొచ్చో లేదో అని మళ్లీ దించేశాడు.

"అయ్యో పాపం, మాటలు రావా?"

రావని తల అడ్డంగా ఊపాడు.

ముసలాయన అంతటితో ఊరుకోలేదు. దగ్గరికి జరిగాడు. మోచేత్తో పొడిచాడు. చూడనట్టే కాలు తొక్కాడు. అకౌంటెంటు పెదవి కొరుక్కున్నాడే గానీ 'అబ్బా' అనలేదు. దూరం నుంచి చూసిన బావమరిది, భేష్ అన్నట్టు చెయ్యి ఊపాడు.

ముసలాయన లేచి వెళ్లాడు. హమ్మయ్య అనుకునేలోగా టీ కప్పుతో తిరిగొచ్చాడు. వచ్చి, తూలాడు.

జడ్జిగారు చూడగానే మంచివాడనుకోవాలని భార్య గంజిపెట్టి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా. టీ మొత్తం దాని మీదే.

"ఏమయ్యా! కళ్లు నెత్తికెక్కాయా?"

"అరె, మాటలొచ్చాయే!" ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"రాక చస్తాయా? ఇందాకట్నుంచీ జిడ్డులా పట్టుకుని ప్రాణం తోడేస్తున్నావు! నీకేం పోయిందయ్యా? ఊసుపోక కోర్టుకొచ్చి కూర్చున్నావు! ఇక్కడ జైలుకెళ్లేది నేను! ఇంట్లో కన్నీళ్లు పెట్టుకునేది నా పెళ్లాం!"

"ఇంకో రెండు మాటలు అనండి బాబూ."

"అడిగి మరీ తిట్లు తింటావా? నీలాంటి మనిషిని ఈ భూప్రపంచంలో చూళ్లేదు! లే! ముందు నా కళ్ల ముందు నుంచి లే!"

వరండా అంతా ఇటే తిరిగింది. ముసలాయన మాత్రం కళ్లు మూసుకుని, పాట వింటున్నంత శ్రద్ధగా విన్నాడు. విని నిట్టూర్చాడు. ఎందుకో ముఖం చిన్నబోయింది.

"చాలు బాబూ," అన్నాడు. మఫ్లరు తీసి అకౌంటెంటు చొక్కా ఒత్తి, మెల్లగా వెళ్లిపోయాడు.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"నోరు విప్పొద్దన్నానా బావా!"

"పిచ్చివాడురా! పట్టుకుని వదల్లేదు!"

"నీ కేకలు జడ్జిగారి దాకా వినపడ్డాయి. ఇంకేం సాధువువి నువ్వు! నా ఫోను పాయింటు కాస్తా గంగలో కలిసింది."

అంతలోనే పిలుపొచ్చింది.

అకౌంటెంటు తడిచొక్కాతో, తల దించుకుని బోనులో నిలబడ్డాడు. ఫిర్యాదీని పిలిచారు. బావమరిది గొంతు సవరించుకుని లేచాడు. అతను నోరు తెరిచేలోగా, ఎదుటి బోనులోంచి మాట వినిపించింది.

"అయ్యా, నన్ను ముంచినవాడి ముఖం నేను చూళ్లేదు. గొంతే విన్నాను. కన్నకొడుకు కూడా అంత తియ్యగా మాట్లాడడు. ఆ గొంతు ఈయనది కాదండీ. ఈయన్ని వదిలేస్తే నా సొమ్ము ఇక రాదని తెలుసు. అయినా కాదండీ."

అకౌంటెంటు తలెత్తాడు.

"ఈ బాబుకి తియ్యగా మాట్లాడటం రానేరాదని, చొక్కా పాడుచేసి మరీ తెలుసుకున్నాను, మన్నించమనండి," అంటూ అకౌంటెంటు వైపు తిరిగి చేతులు జోడిస్తున్నాడు, ఇందాకటి పిచ్చివాడు.