జోజి మాస్టారి మిషను

"తెగట్లేదమ్మా. కొరుకుతోంది, అంతే," అన్నాడు కనకరాజు, రంపం మిషను స్విచ్ కట్టేసి.

పనస చెక్క అంచు నల్లగా మాడిపోయింది. షెడ్డు నిండా పొగ. గుమ్మంలో నిలబడ్డ జోజి మాస్టారి భార్య స్టెల్లా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అదేంటండీ! మాస్టారున్నప్పుడు అరటిబోదె తెగినట్టు తెగేదండి. చర్చి బెంచీలన్నీ ఈ బ్యాండ్ సా మీదే కోసేరు."

"మాస్టారు పోయి ఏడాదవుతోంది కదమ్మా. మిషనైనా మనిషైనా ఒకటే. ముట్టుకునేవాళ్ళు లేకపోతే చచ్చూరుకుంటది."

"ఇవాళ్టితో ఏడాదండి," అందావిడ.

అసలు సంగతి కనకరాజుకి స్విచ్ వెయ్యకముందే తెలుసు. బ్లేడు తిరగబడి ఉంది. కిందికి, బల్ల వైపు చూడాల్సిన పళ్ళు పైకి, కప్పు కేసి చూస్తున్నాయి. బ్లేడు ఊడదీసి, లోపలి పక్క బయటికి తిప్పి ఎక్కిస్తే చాలు. పది నిమిషాల పని. పాతికేళ్ళు రంపం పట్టినవాడికి ఆ మాత్రం కనపడకపోతే కళ్ళు దండగ. కనపడినదల్లా చెప్పేస్తే తెలివి దండగ.

ఇలాంటి మిషను కోసం అమలాపురంలో మూడు కొట్లు తిరిగేడు. చేతికందే ధరలో ఉన్నవన్నీ బొమ్మలు. మూడంగుళాల చెక్క పెడితే మూలిగి ఆగిపోతాయి. ఎనిమిదంగుళాల దుంగని మింగే మిషనైతే లక్ష పైమాటే. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి ఆరు నెలలైంది. మిషను లేక, అందులో పెళ్ళాం కొబ్బరి డొక్కలు ఆరేస్తోంది. ఇది చేతికొస్తే చాలు. ఇక ఒకడి కొట్లో కూలికి నిలబడక్కర్లేదు.

"మీరు అనుభవం ఉన్నవారు. లోపం ఎక్కడుందంటారు?" అడిగింది స్టెల్లా.

"ఒకటని ఏం చెప్పనమ్మా? మోటారు నీరసించింది. చక్రాల మీద రబ్బరు పోయింది. బేరింగులు అరిగిపోయేయి."

రబ్బరు నిన్న వేసినట్టుంది. బేరింగుల్లో గ్రీజు తేనెలా మెరుస్తోంది.

"మరి బ్లేడండీ? ఆస్పత్రికి బయల్దేరే ముందు రోజు ఆయనే ఎక్కించేరు. ఓ పక్క దగ్గు, ఓ పక్క ఈ పని. వద్దంటే విన్నారా! ఆ తరవాత ఎవరం ముట్టుకోలేదు."

చూపు ఆనక తిరగేసి ఎక్కించి ఉంటాడు ముసలాయన, అనుకున్నాడు కనకరాజు.

"బ్లేడుకేం లేదమ్మా. బ్లేడు మంచిదే."

"బ్లేడుకేం లేదంటారు."

"లేదన్నానుగా."

"తొందరేం లేదండి, ఇంకోసారి చూసుకోండి. టీ పెట్టుకొస్తాను."

ఆవిడ లోపలికెళ్ళింది. కనకరాజు చక్రాన్ని వేలితో తిప్పేడు. చప్పుడు లేకుండా తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఇంత శ్రద్ధగా మిషను చూసుకున్న మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. గోడ మీద సుద్దతో గీసిన నిలువు గీతలు ఎనిమిది కనపడ్డాయి. బెంచీల లెక్క కాబోలు.

టీ వచ్చింది. మంచి టీ. యాలక్కాయ కూడా వేసింది. ఒక్క క్షణం చెప్పేద్దామా అనిపించింది కనకరాజుకి. నోటిదాకా వచ్చిన మాటని టీతో పాటు మింగేడు.

"నలభై వేలకి ఇద్దామనుకున్నానండి," అంది స్టెల్లా.

"పాత ఇనుం వాడు పదివేలిస్తే గొప్ప. నేను గాబట్టి పద్దెనిమిది."

"మీకు ముందు కూడా చాలామంది చూసేరండి."

"ఏమన్నారు?"

"మీరన్నవే. మోటారన్నారు, రబ్బరన్నారు."

కనకరాజు లోపల్లోపల నవ్వుకున్నాడు. వాళ్ళకి పనన్నా రాదు, లేకపోతే తనంత ఓపికన్నా లేదు.

"సరే, ఇంకో రెండేసుకోండి. ఇరవై. మాస్టారి మీద గౌరవం కొద్దీ ఇస్తున్నాను, మిషను చూసి కాదు."

ఆ రెండు వేలతో తను మంచివాడు కూడా అయిపోయినట్టు అనిపించింది.

"ఆయ్, అలాగేనండి. తీసుకెళ్ళండి."

బేరం ఇంత సులువుగా తెగుతుందని అతను అనుకోలేదు. పదిహేనుకే అడగాల్సింది. ఆవిడ నోట్లు లెక్కపెట్టకుండానే బైబిల్లో పెట్టేసింది. పక్కింటివాళ్ళు ఓ చెయ్యి వేసేరు. మిషను ట్రక్కు ఆటో ఎక్కింది. కనకరాజు తాడు బిగిస్తూ షెడ్డు కేసి చూసేడు. స్టెల్లా సుద్దముక్క తీసి, ఎనిమిది గీతల పక్కన తొమ్మిదోది గీస్తోంది.

గీసి, చెయ్యి దులుపుకుంటూ బయటికొచ్చింది.

"కనకరాజు గారూ, ఇంటికెళ్ళేక ఆ బ్లేడు తిరగేసుకోండేం. పళ్ళు పైకున్నాయి."

తాడు మీద చెయ్యి ఆగిపోయింది.

"మీకు... తెలుసాండీ?"

"కావాలనే తిరగేసి వెళ్ళేరండి ఆయన. ముప్పయ్యేళ్ళు బడిలో పాఠం చెప్పిన మనిషి కదా, పోతూ పోతూ ఓ పరీక్ష పెట్టి పోయేరు. 'పని రానివాడికి అది కనపడదు. బుద్ధి లేనివాడు కనపడినా చెప్పడు. ఏడాది పాటు చూడు' అన్నారు. చూసేను."

కనకరాజు తాడు వదిలేసేడు. "ఎవరూ చెప్పకపోతే?"

"ఏడాది నిండేక, ఎంతకడిగితే అంతకి అమ్మెయ్యమన్నారు."

"చెబితే?"

"ఊరికే ఇచ్చెయ్యమన్నారండి."